అందరికీ పంపిన మాఫీ

చిత్తూరులో పరుపులు కుట్టే కాశిం సాహెబ్ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పరు. జహీరున్నీసా గొంతు వినబడేదాకా పొమ్మంటారు. కాశిం సాహెబ్ మాట తక్కువ మనిషి. దూది ఏకే మిషను ముందు కూర్చుని, కనుబొమల నిండా తెల్లటి నూగుతో, ఎవరేమన్నా తల ఊపుతూ ఉంటాడు. ఆయన వాటా మాటలు కూడా భార్యే మాట్లాడేది. వాళ్ళింట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. ఆవిడకు కోపమొస్తే రెండూ కలిసొచ్చేవి.

పాత దిండ్లు విప్పి, దూది ఎండబెట్టి, మళ్ళీ నింపి కుట్టడం జహీరున్నీసా పని. బడిలో రెండో తరగతి దాటలేదు గానీ దిండును మాత్రం పుస్తకం చదివినట్టు చదివేది. నూనె మరక ఎటు పక్కన ఉందో, దూది ఎక్కడ అణిగిందో, ఎక్కడ గడ్డ కట్టిందో చూసి, ఆ ఇంట్లో ఎవరికి నిద్ర లేదో, ఎవరు గోడ వైపు తిరిగి పడుకుంటున్నారో చెప్పేది. చెప్పింది చాలావరకు నిజమయ్యేది. అందుకని నిజం తన సొత్తే అనుకుంది. నిజాన్ని ఏ వేళ నోట్లోంచి బయటికి తీయాలి, ఏ వేళ మింగాలి అన్నది ఇంకో విద్య. అది ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేర్పబోయినవాళ్ళు రెండోసారి ఆ గడప తొక్కలేదు.

ఆమెకు ఒక్కతే చెల్లెలు, సబియా. ఇల్లు దూరమేమీ కాదు, మసీదు సందుకు అటు చివర. ఆ చెల్లెలి కొడుకు ఆఫ్తాబ్ నాయుడుపేట దగ్గర ఒక కంపెనీలో పనిచేసేవాడు. బస్సుల్లో పడి రాలేకపోతున్నాడని సబియా మొగుడి మీద పట్టుబట్టి కొడుక్కు మోటారు సైకిలు కొనిపించింది. ఒక శనివారం ఇంటికి వస్తూ లారీ కింద పడ్డాడు ఆఫ్తాబ్. మయ్యత్ ఇంటికి వచ్చింది. కొడుకు శవం కాళ్ళ దగ్గర పడి, ఎవరు చేసినారు నాకీ అన్యాయం అని సబియా గుండెలు బాదుకుంటుంటే, పక్కనే కూర్చున్న జహీరున్నీసా అన్నది:

"ఎవురో ఎందుకు చేస్తారే? బండి కొనిచ్చింది నువ్వే కదా."

సబియా ఏడుపు అక్కడికక్కడ ఆగిపోయింది. తలెత్తి అక్క మొహం చూసింది. ఆ తర్వాత కొడుకును తీసుకుపోయేదాకా ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. ఆ రోజునుంచి అక్కతో మాటా లేదు.

ఏళ్ళు గడిచాయి. రంజాన్లు వచ్చాయి, పోయాయి. ఇటు సేమియా అటు పోలేదు, అటు షీర్‌ఖుర్మా ఇటు రాలేదు. ఎవరైనా మధ్యలో దూరి సర్దబోతే జహీరున్నీసాది ఒకటే జవాబు, నేనన్నదాంట్లో అబద్ధమేముందో చూపించమని. అబద్ధం లేదు. అదే తిప్పలు.

ఇట్లా ఉండగా కొడుకు పూనుకుని అమ్మానాయనలను ఉమ్రాకు పంపే ఏర్పాటు చేశాడు. మక్కాకు పోయేవాళ్ళు బయల్దేరే ముందు ఇల్లిల్లూ తిరిగి, తెలిసీ తెలియక అన్న మాటలకు మాఫీ అడుక్కోవాలి. అది వాళ్ళలో తరతరాల పద్ధతి. దేవుడికి చేసిన తప్పు దేవుడు మన్నిస్తాడు, మనిషికి చేసిన తప్పు మాత్రం ఆ మనిషే మన్నించాలి, దాంట్లో దేవుడు కూడా వేలు పెట్టడు అని పెద్దలు చెబుతారు. కాశిం సాహెబ్ సాయంత్రం పూట టోపీ సర్దుకుని నాలుగు సందులూ తిరిగి, అందరి చేతులూ పట్టుకుని వచ్చాడు. సబియా ఇంటికీ పోయి వచ్చాడు. జహీరున్నీసాకు మోకాళ్ళ నొప్పులు. మోకాళ్ళ నొప్పులని ఆమె చెప్పింది.

ఇంటర్ చదివే మనవరాలు అఖ్సా దారి చూపింది. ఫోన్లో గొంతు రికార్డు చేస్తే ఒక్కసారిగా అందరికీ పంపొచ్చు, ఈ మధ్య అందరూ అట్లే చేస్తున్నారు అన్నది. జహీరున్నీసా ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఊరికంతా వినబడాలన్నట్టు అరిచి చెప్పింది. "అస్సలాము అలైకుం. నేను జహీరున్నీసాను మాట్లాడతావుండా. ఉమ్రాకు పోతావుండాము. నోరు జారి ఏమన్నా అనుంటే మాఫ్ చెయ్యండి. మా కోసం దువా చెయ్యండి."

ఆ మాట చుట్టాలకు పోయింది, బూరుగ దూది తెచ్చే వ్యాపారికి పోయింది, మాంసం అంగడికి పోయింది. చెల్లెలికీ పోయింది. పక్కింట్లో పూలు కట్టి అమ్మే మునిలక్ష్మి ఆ మాట విని గోడ మీదనుంచి తొంగి చూసింది.

"అక్కా, నాకూ వచ్చిండాది నీ మాఫీ. ఏ దానికని చేసేది? ఒకటా రెండా? నువ్వు మక్కా పొయ్యొచ్చేలోపల లెక్కేసి పెడతాలే."

జహీరున్నీసా నవ్వింది. తర్వాత మనవరాలిని పక్కకు పిలిచి, సబియా విన్నదా అని అడిగింది. నీలం గుర్తు పడింది దాదీ, వినేసింది అని అఖ్సా చెప్పింది. వినింది కదా, సరి, ఇక నా భారం తీరింది అనుకుని జహీరున్నీసా పెట్టె సర్దుకుంది.

మక్కాలో దిగిన రోజునుంచి ఆమెకు ఒక వింత కష్టం వచ్చింది. నోరు పనికి రాకుండా పోయింది. పక్కన నిలబడిన మనిషి ఏ దేశమో తెలియదు, ఏ భాషో తెలియదు. ఎవరో మోచేత్తో పొడిచారని తిట్టబోతే, ఆ మనిషి తిట్టును దీవెన అనుకుని చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచింది. రెండోసారి తిట్టాలనిపించలేదు. నమాజుకు వరుసలో చోటు లేక నిలబడితే, ఎవరో ముసలమ్మ కూర్చున్న చోటనే ఒదిగి, తన నమాజు చాప, జానమాజును సగం పక్కకు లాగి ఇచ్చింది. చోటు లేదని చెప్పడమే పుట్టినప్పటినుంచి విన్న జహీరున్నీసాకు, జరిగితే చోటు వస్తుందని అక్కడ తెలిసింది. నీళ్ళ పీపా దగ్గర ముందున్న మనిషి గ్లాసు నింపి తను తాగకుండా వెనక్కి తిరిగి ఆమెకు అందించింది. ఇవన్నీ పెద్ద సంగతులేమీ కావు. తన ఇంట్లో, తన సందులో చేయగలిగినవే. చేయొచ్చని ఎప్పుడూ తోచలేదంతే.

ఒక మధ్యాహ్నం నమాజు అయినాక జనంలో గుంపునుంచి తప్పిపోయింది. వాకిలి దగ్గర విడిచిన చెప్పులూ లేవు. బయట రాతి నేల నిప్పులు చెరుగుతోంది. కాలు మార్చి కాలు పెడుతూ, కాశిం సాహెబ్‌నూ, తీసుకొచ్చిన ఏజెంటునూ, చెప్పులు ఎత్తుకుపోయిన మహాతల్లినీ ఉర్దూలో, తెలుగులో తిట్టింది. ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

అప్పుడు వచ్చింది ఆమె. నల్లగా, తాటిచెట్టంత ఎత్తు, ఒంటి నిండా పసుపు పూల గుడ్డ. ఏమీ అడగలేదు. అడిగినా అర్థమయ్యేది కాదు. మోకాళ్ళ మీద కూర్చుని, జహీరున్నీసా అరికాళ్ళకు అంటిన ఇసుక తన కొంగుతో తుడిచి, తన కాళ్ళకున్న పచ్చ రబ్బరు చెప్పులు విడిచి ఈమె కాళ్ళకు తొడిగింది. ఈమె మెడలో వేలాడే హోటలు కార్డును కావలివాళ్ళకు చూపిస్తూ, చెయ్యి పట్టుకుని, ఆ ఎండలో తను వట్టి కాళ్ళతో నడిచి, హోటలు వాకిట్లో దింపింది. చెప్పులు తిరిగి ఇవ్వబోతే వద్దని తల ఊపింది. ఈమె చేతిని రెండు చేతులతో ఒకసారి గట్టిగా పట్టుకుని జనంలో కలిసిపోయింది.

ఇంత దారిలో ఒక్క మాట లేదు. నా పుట్టింటివాళ్ళు కూడా నన్నట్లా పట్టుకోలేదు అని ఆ రోజు అన్నం ముందు కూర్చుని మొగుడితో చెప్పింది జహీరున్నీసా. కాశిం సాహెబ్ ఎప్పటిలా తల ఊపాడు.

అయితే ఆమెను కుదిపేసింది ఇంకొకటి. అక్కడ ప్రతి నమాజు తర్వాతా పోయినవాళ్ళ కోసం చదివే జనాజా నమాజు ఉంటుంది. ఎవరి మయ్యతో, ఏ ఊరి మయ్యతో ఎవరికీ తెలియదు. మగవాళ్ళతోపాటు ఆడవాళ్ళూ లేచి నిలబడతారు. తన ఊళ్ళో ఆడవాళ్ళు ఆ నమాజుకు నిలబడటం ఆమె ఎరగదు. మొదటి రోజు అందరూ లేచారని లేచింది. తర్వాత్తర్వాత అర్థమైంది. ఒకరోజు మైకులో ఏదో చెప్పారు. హోటలుకు వచ్చాక, ఏమిటది, రోజూ చెప్పేదానికంటే వేరుగా చెప్పినారు అని అడిగితే, ఈ రోజు పోయినవాళ్ళలో ఒక బిడ్డ కూడా ఉన్నాడు, ఆ సంగతి చెప్పినారు అన్నాడు కాశిం సాహెబ్.

జహీరున్నీసా ఆ బిడ్డనే తలుచుకుంది. ఎవరి బిడ్డో. ఎట్లా పోయాడో, తప్పు ఎవరిదో ఒక్కరూ అడగలేదు. అంతమంది జనం నోళ్ళు మూసుకుని ఆ బిడ్డ కోసం నిలబడ్డారు. చెల్లెలి కొడుకు శవం దగ్గర తను నోరు తెరిచింది.

"నేను సబియా దగ్గరికి పోవాల" అన్నది.

కాశిం సాహెబ్ జన్మలో ఎప్పుడో ఒకసారి మాట్లాడేవాడు, ఆ రోజు మాట్లాడాడు. "పోయేదాకా ఎందుకు? ఇదిగో ఫోను. ఇప్పుడే మాట్లాడు."

ఆమె ఫోను అందుకుంది. పేరు మీద వేలు పెట్టబోయి ఆగింది. "వద్దు. ఒగసారి ఫోన్లో అడిగి చెడగొట్టినాను. అందరికీ పంపినట్టు దానికీ పంపినాను. ఈ తూరి పోయి కాళ్ళు పట్టుకుంటా. మొహం సూస్తా అడుగుతా."

సరేనని ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆ మరుసటి రోజు పొద్దున చిత్తూరులో, వాకిట్లో ముగ్గుపిండి కొంటున్న పక్కింటామెతో మాట్లాడుతూ మాట్లాడుతూ సబియా అరుగు మీద ఒరిగిపోయింది. పక్షవాతం. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. తిరుపతిలో ఆస్పత్రికి తీసుకుపోయి, కొన్నాళ్ళుంచి, ఇక చేసేదేమీ లేదు ఇంట్లోనే చూసుకోమన్నారు. పుణ్యానికి పోయినవాళ్ళ మనసు విరగ్గొట్టకూడదని ఇంట్లోవాళ్ళు ఆ సంగతి దాచారు. ఫోను చేసినప్పుడల్లా జహీరున్నీసా చెల్లెలిని అడిగేది. బాగుండాది దాదీ, అని అఖ్సా గొంతు సన్నగా చేసుకుని చెప్పేది.

మద్రాసులో విమానం దిగినప్పటినుంచి జహీరున్నీసా ఒకటే పోరు. కారు నేరుగా సబియా ఇంటికే పోవాలి, బురఖా కూడా తీయను, ముందు అక్కడే దిగుతాను అని. ఒళ్ళో ఒక సంచి. దాంట్లో అందరికీ పంచే ఖర్జూరాలు కాదు, మదీనాలో ఏరి ఏరి కొన్న మెత్తటి నల్ల ఖర్జూరాలు, ఒక సీసా పవిత్రమైన జమ్ జమ్ నీళ్ళు. ముందు మనింటికి పోదాం అమ్మీ, తర్వాత చూద్దాం అని కొడుకు రెండుసార్లు అన్నాడు. రాణిపేట దాటాక ఇక దాచలేక చెప్పేశాడు. ఎప్పుడైంది అని మాత్రం అడిగింది ఆమె. రోజు చెప్పాడు. అది ఏ రోజుకు మరుసటి రోజో కాశిం సాహెబ్‌కూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

సబియా ఇంట్లో మంచం మీద ఉన్నది సబియాలాగా లేదు. మూతి ఒక పక్కకు లాగేసింది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. జహీరున్నీసా మంచం పక్కన నేల మీద కూలబడి, దుప్పటి కింద చెల్లెలి కాళ్ళు వెతికి పట్టుకుంది. ఇన్ని దేశాల మీదుగా మోసుకొచ్చిన మాట అన్నది.

"సబియా, నాదే తప్పు. వాడి మయ్యత్ కాడ నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. మాఫ్ చెయ్యే. చేసినానని రొంత కన్ను మూసి తెరువు, చాలు."

సబియా కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. మెల్లగా తల గోడ వైపు తిరిగింది. ఆ గోడకు మేకు, మేకుకు ఆఫ్తాబ్ హెల్మెట్. కావాలని తిప్పుకుందో, జబ్బు తిప్పిందో చెప్పేవాళ్ళు లేరు. జమ్ జమ్ చెంచాతో పోస్తే నీళ్ళు పెదవి చివరినుంచి కారి దిండులోకి ఇంకాయి.

సబియా భర్త జియావుల్లా వాకిట్లో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వదిన బయటికి వస్తే లేచి నిలబడ్డాడు. చెప్పాలా వద్దా అని కొంతసేపు నలిగి, చెప్పాడు.

"ఆపా, నీ ఫోను మాట వచ్చిన్నాడు ఇది శానాసార్లు వినింది. మాంసమంగడోనికి పంపిందే నాకూ పంపింది సూడు, నాకని ఒగ మాట లేదు అని నవ్వింది. మళ్ళా తనే చెప్పింది. రానీ, మక్కా పొయ్యొచ్చినోళ్ళకు మొదటి దావత్ మనింట్లోనే. దాని కోసరం కాదు, ఆడ తిరిగొచ్చిన కాళ్ళ కోసరం అని. నీకు ఇష్టమని ఎండు నిమ్మకాయలు కూడా ఊరేసి పెట్టిండాది."

జహీరున్నీసా అరుగు స్తంభం పట్టుకుంది. ఏదో అనాలని నోరు తెరిచి మూసుకుంది. ఆమె నోరు ఊరికే మూతపడటం జియావుల్లా అదే మొదటిసారి చూడటం.

ఆ రోజునుంచి పొద్దున నమాజు కాగానే, తన పాదానికి రెండింతలున్న ఆ పచ్చ రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ చెల్లెలింటికి పోయేది. ఒళ్ళు తుడిచేది, తల దువ్వేది, పక్క మార్చేది. ఏమీ మాట్లాడేది కాదు. ఎండలో తన కాళ్ళు తుడిచిన ఆ మనిషి ఏమన్నా మాట్లాడిందా? మాట లేకుండా పట్టుకుంటే చేరుతుందని అక్కడ తెలుసుకుంది. ఇక్కడ చేరుతోందో లేదో మాత్రం తెలియలేదు. కొన్ని రోజులు సబియా ఎడమ చెయ్యి అక్క చేతిలో ఊరికే ఉండేది. కొన్ని రోజులు లాక్కునేది. లాక్కున్న రోజు ఇంటికొచ్చి అన్నం తినేది కాదు.

"ఏమక్కా, నోరు మక్కాలో ఇడిసిపెట్టొచ్చినావా? సందంతా చప్పబడిపొయ్యిండాది. రొంత తిట్టు నన్ను" అన్నది మునిలక్ష్మి ఒకరోజు గోడ మీదనుంచి. అని, కట్టిన మూర పూలు గోడ మీద పెట్టి లోపలికి పోయింది.

ఒకనాడు సబియా దిండు గట్టిపడిందని విప్పింది జహీరున్నీసా. వాకిట్లో చేట ముందు పెట్టుకుని కుట్లు తెంచింది. ఆ దిండు ఎప్పుడో తను నింపి కుట్టిందే. దూది మధ్యలో బాగానే ఉంది. గోడ వైపు అంచున మాత్రం, వేలితో నొక్కితే అణగకుండా, రాళ్ళలాగా గడ్డలు గడ్డలుగా ఉంది. పసుపు తిరిగి, చారలు కట్టి. అది చెంచా నీళ్ళు కారిన తడి కాదు, జబ్బు తడి అంతకన్నా కాదు. తడిసి ఆరి, మళ్ళీ తడిసి ఆరి, ఏళ్ళ తరబడి ఊరిన గడ్డ. అందరి ముందూ ఆపేసిన ఏడుపు ఇక్కడ ఏడ్చింది. జహీరున్నీసా ఒక్కొక్క గడ్డనూ వేళ్ళతో విప్పబోయింది. విడిపోలేదు. మిషనులో వేసినా విడిపోదని ఆమెకు తెలుసు. కొత్త దూది తెచ్చి దిండు నింపింది. ఆ గడ్డలను పారేయకుండా కొంగున కట్టుకుంది.

చలి మొదలయ్యే రోజుల్లో సబియా పోయింది. అక్క తల దువ్వుతూ ఉండగానే పోయింది. చిక్కు తీసి జడ చివర ముడి వేసేదాకా అక్కకు తెలియలేదు.

మయ్యత్‌ను ఎత్తే ముందు ఇంటి పెద్ద వాకిట్లో నిలబడి పోయినవాళ్ళ తరఫున అందరినీ మాఫీ అడగాలి. అదీ పద్ధతే. లోపల ఆడవాళ్ళు, బయట మగవాళ్ళు. జియావుల్లా అడిగాడు. "నా భార్య సబియా తెలిసీ తెలియక ఎవురినైనా ఏమన్నా అని ఉంటే, ఎవురి మనసైనా నొప్పించి ఉంటే, అల్లా పేరు మీద మాఫ్ చెయ్యండి."

మాఫ్ చేసినాం, మాఫ్ చేసినాం అని బయటినుంచి, లోపలినుంచి గొంతులు లేచాయి. జహీరున్నీసా పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. పక్కనున్న ముసలామె మోచేత్తో పొడిచి, చెప్పమ్మా, అక్కవు నువ్వు చెప్పకపోతే ఎట్లా అన్నది. అప్పటికీ రాలేదు.

మయ్యత్‌ను మసీదు దగ్గరికి తీసుకుపోయారు. ఇంట్లో ఆడవాళ్ళు కూర్చుని ఖురాను చదువుకుంటున్నారు. మసీదు మైకులో జనాజా నమాజు మొదటి అల్లాహు అక్బర్ వినబడింది. జహీరున్నీసా లేచి వాకిట్లోకి వచ్చి, పడమటికి తిరిగి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆ ఊళ్ళో ఆడమనిషి అట్లా నిలబడటం ఎవరూ చూడలేదు. లోపలినుంచి ఎవరో ఇదేం చోద్యమని గొణిగారు. ఆమె కదలలేదు. చివరి సలాం అయ్యేదాకా నిలబడి, తర్వాత అక్కడే కూర్చుండిపోయింది.

అఖ్సా వచ్చి పక్కన కూర్చుంది. నువ్వు చిన్నదాదీని మాఫ్ చేసినావా దాదీ, నీ గొంతు నాకు వినబడలేదు అని మెల్లగా అడిగింది.

"అడగాల్సింది నేను" అన్నది జహీరున్నీసా. "అడిగి పొయ్యింది అది."

కాళ్ళకు పెద్దవైన ఆ పచ్చ చెప్పులు గడప అవతల, జనం విడిచిన చెప్పుల మధ్య ఉన్నాయి. మనవరాలు వెతికి తెచ్చి కాళ్ళ ముందు పెడితే, ఆమె వాటిని చూసింది గానీ తొడుక్కోలేదు. చేత్తో పట్టుకుని, వట్టి కాళ్ళతో మసీదు సందు గుండా ఇంటికి నడిచింది.